పొయ్యిమీద పప్పు, ఒడిలో పుస్తకము

మొన్నటి సంక్రాంతికి మా యింట తొలి వాయ అరిసెలు నూనెపాలైనవి. మూకుడులో వేసినంతనే అరిసెకు చిల్లులు పడి, అంచులు విచ్చుకొని, తుదకది పిండిపిండియై నలుదిక్కులకు చెదరిపోయెను. మా కోడలు గరిటె చేతబట్టుకొని మా మొగము చూచినది. మేమామె మొగము చూచితిమి. పిదప ఇరువురమును గోడకానించి నిలిపిన ఫోనువంక చూచితిమి. క్రిందటి రాత్రి టెలివిజనులో వచ్చిన వంటల కార్యక్రమమునే ఆమె యందులో మరల పెట్టుకొనినది. అందలి వంటలమ్మ మాత్రము బంగారువన్నె అరిసెను రెండు చెక్కల నడుమ ఒత్తుచు, మొగమున చెమటచుక్కయైన లేక, చిఱునవ్వు నవ్వుచునే యున్నది.

"అత్తయ్యగారూ, ఆవిడ చెప్పినట్లే సరిగా పది నిమిషములు పాకము కాచితినండీ" అని కోడలనినది.

ఆమె మాట నిజమే. గడియారము చూచుకొనుచు కాచినది. కాని బెల్లమునకు గడియారము తెలియదు. తడి యెక్కువగానున్న బెల్లము పాకమునకు వచ్చుటకు చాల సేపు పట్టును. గట్టి బెల్లము త్వరగా వచ్చును. మంట, గిన్నె అడుగు మందము, పోసిన నీళ్లు, వీనిలో నేదొకటి మాఱినను నిమిషముల లెక్క తప్పును. అందుచేతనే మన పెద్దలు నిమిషములు చెప్పలేదు. పళ్లెములో చన్నీళ్లు పోసి, అందొక చుక్క పాకము వేసి, వ్రేళ్లతో కూడదీసినచో మెత్తని ఉండ కట్టవలెనని చెప్పిరి. పాశ్చాత్యులీ స్థితినే ఉష్ణమాపకముతో కొలిచి సుమారు 112 మొదలు 116 డిగ్రీల సెంటిగ్రేడు వఱకని వ్రాసికొందురు. ఆ మాపకము చేత లేనినాడు వారును చన్నీళ్ల గిన్నెనే ముందు పెట్టుకొందురు. ఉండ కట్టక జాఱిపోయిన పాకము లేతది; దానితో కలిపిన చలిమిడి నూనెలో విడిపోవును. ఉండ బిగిసి గిన్నెకు కొట్టినప్పుడు మ్రోగినచో పాకము ముదిరినది. ఆ అరిసెలు తినువారికి దంతవైద్యుడు ప్రక్కనుండవలెను.

రెండవ పాకమునకు ఫోనును బోర్లించితిమి. మా అమ్మగారు వ్రాసికొనిన వంటపుస్తకమొకటి అటకమీద నుండగా దింపించి, బియ్యమునకు బెల్లమెంతయో చూచుకొని, పళ్లెములో నీళ్లు పోసికొని కూర్చుంటిమి. అరిసెలు నిలిచినవి. ఆ పుస్తకమును గూర్చి చెప్పవలసినది మఱికొంత కలదు. కాని తొందరలేదు, తరువాత చెప్పెదము.

ఈ ముచ్చట విని మేము టెలివిజను వంటలపై కత్తి కట్టినామని సోదరీమణులు తలపరాదు. నిజము చెప్పవలసివచ్చినచో మా యింట వానిని అందఱికన్న ఎక్కువగా చూచునది మేమే. ఒకనాటి సాయంకాలము ఏ దేశపుదో యొక కేకు మూడంతస్తులుగా లేచుచుండగా ఱెప్పవాల్పక చూచి, ఆ రాత్రి ఇంటిల్లపాదికిని మజ్జిగన్నము, ఆవకాయబద్ద పెట్టితిమి. మగవారేమియు అనలేదు గాని, మా మనుమడు మాత్రము "కేకు ఏది నానమ్మా?" అని యడిగినాడు.

ఈ వినోదమునకు వయస్సు తక్కువ కాదు. అమెరికాలోని బోస్టను నగరమునుండి జూలియా చైల్డ్ అను ఆమె ఫ్రెంచివారి వంటలను టెలివిజనులో చూపనారంభించినది 1963లో. అంతకు రెండేండ్ల ముందు, 1961లో, మఱిద్దఱు స్త్రీలతో కలిసి యామె ఆ వంటలపై నొక పెద్ద గ్రంథము ప్రకటించియుండెను. గ్రంథము వెంట తెర వచ్చినది. ఆమె కార్యక్రమములలో మాకు మిక్కిలి ప్రియమైనది బంగాళాదుంపల అట్టును తిరుగవేయబోయిన ఘట్టము. అట్టు సగము పెనములోను, సగము పొయ్యి గట్టుమీదను పడినది. ఆమె గాభరాపడలేదు, పడినదానిని ఎత్తి పెనములో పెట్టి అతికి, వంట సాగించినది. తరువాతి కాలమున లోకులు దీనినే పెంచి, ఆమె కోడిని నేలపై పడవేసి దులిపి వడ్డించినదని చెప్పుకొనిరి. అది కట్టుకథ. పడినది అట్టు, పడినచోటు పొయ్యి గట్టు. కాని జనులట్లు చెప్పుకొనుటలో నొక యాకలి కనబడుచున్నది. వండువారి చేయి జాఱుట తెరపై నొక్కసారియైన చూడవలెనని అందఱికిని కోరిక.

మన దేశమున 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్‌గారి ఖానా ఖజానా మొదలైనది. హైదరాబాదుకు దూరదర్శన కేంద్రము 1977లోనే వచ్చినను, 1995లో ఈటీవీ మొదలైన పిమ్మట తెలుగు ప్రసారములు పెరిగినకొలది, తెలుగువంట తెలుగు మాటలలో ప్రతియింటి ముందరిగదిలోనికిని నడచివచ్చినది. తాలింపు, తిరగమోత, పోపు అను మూడు మాటలును ఒకదానికే చెల్లునని కొన్ని జిల్లాలవారికి తెలిసినది అప్పుడే కాబోలు.

ఇంతయు బాగుగనే యున్నది. మాకు పట్టనిది ఆ గాజుగిన్నెల వ్యవహారము. పసుపున కొకటి, ఉప్పున కొకటి, ఇంగువ కొకటి, నాలుగు ఱెబ్బల కరివేపాకున కొకటి! మేమొకనాడు పనిగట్టుకొని లెక్కించితిమి: ఒక గుత్తివంకాయకూరకు పదునేడు గిన్నెలు. ఆ పదునేడింటిని తోముటను చూపు కార్యక్రమమును మేమింతవఱకు చూచి యెఱుగము. రెండవది, "ముందుగా సిద్ధము చేసియుంచినాము" అను మంత్రము. ఆ మంత్రముతో నానవలసిన బియ్యము నానును, ఉడుకవలసిన మాంసముడుకును, ఇగురవలసిన పులుసు ఇగురును. వంటలో మూడువంతులు కనిపెట్టుకొని యుండుటయే. తెరమీది వంటలో లేనిది సరిగా అదియే. వాసన లేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. మెంతులు ఎఱ్ఱబడినవో మాడినవో చెప్పునది కన్ను కాదు, ముక్కు. నూనె కాగినదో లేదో చెప్పునది ఆవాల చిటపట. ఈ రెండింటిని విడిచి కన్నుతో మాత్రమే నేర్చుకొనిన పడుచు, రంగు కుదిరి రుచి కుదరనప్పుడు, తప్పు తన చేతిదనుకొని దిగులుపడును. మా కోడలు ఆనాడట్లే దిగులుపడినది. ఉద్యోగము చేసికొనుచు, పిల్లవానికి పాఠములు చెప్పుకొనుచు, మా మందులు వేళకందించు పిల్ల, "నాకు వంట చేతకాదండీ" అని కన్నీరు పెట్టుకొనుట మాకు చాల కష్టమనిపించినది.

ఇందులకు భిన్నమైన యొక ముసలితల్లిని ఇచ్చట తలపకుండ లేము. గుంటూరు జిల్లాలోని గుడివాడ గ్రామమున (కృష్ణాజిల్లాలోని పట్టణము కాదు) మస్తానమ్మగారను వృద్ధురాలుండెడిది. నూఱేండ్లు పైబడినదని చెప్పెడివారు. మునిమనుమడు ఆమె వంటను చిత్రీకరించి యూట్యూబులో పెట్టగా, పదిలక్షలకు పైబడిన జనులామెను అనుసరించిరి. పుచ్చకాయను దొలిచి అందులో కోడికూర వండిన దృశ్యము దేశదేశములు తిరిగినది. పొలము గట్టున నేలపై గొంతుకూర్చుండి, అల్లము తొక్కను గోటితో గీకి తీసి, మసాలాను రోటిలో నూఱి, పుల్లల మంటమీద వండెడిది. గాజుగిన్నెలు లేవు, కొలతచెంచాలు లేవు, పొగ మాత్రము కావలసినంత. 2018 డిసెంబరులో ఆమె గతించినది. ఆమె కార్యక్రమములను చూచి మేమేమియు వండలేదు. కాని చూచినంతసేపు మా చేతులు మావే ననిపించెడిది.

ఇక మేమీ నెల చెప్పదలచిన ముఖ్యసంగతికి వచ్చుచున్నాము. వంటల కార్యక్రమము చూచుచున్న కోడలిని గూర్చి ఇంటివారు "నేర్చుకొనుచున్నది" అందురు. నవల చదువుచున్న కోడలిని గూర్చి "ఊరక కూర్చున్నది" అందురు. రెండింటను కూర్చుండుటయే కదా! మొదటిదానిలో నేర్చుకొనునదెంతయో అరిసెలు చెప్పినవి. కాని దానికి పని యను పేరున్నది, రెండవదానికి లేదు. పిల్లల పాఠ్యపుస్తకము తీసికొనినచో ఎవరును ఏమియు అనరు. వ్రతకల్పము తీసికొనినను అనరు. ఒక కథాపుస్తకమును, అందు కథ యున్నది గనుక, ఆ కథ తరువాత నేమగునో తెలిసికొనవలెనను కోరికచేత మాత్రమే చేతబట్టినచో, ఇంటిలో నెవరికో యొకరికి వెంటనే దాహము వేయును.

ఈ సంకటమునకు వంటయింటిలోనే యుపాయమున్నదని మా యనుభవము. పొయ్యిపై నున్న వస్తువును కనిపెట్టుచున్నామను మిషతో చదివికొనవచ్చును. అయితే ఏ వంటకు ఏ పుస్తకము పనికివచ్చునో తెలిసియుండవలెను. పాలు కాచునప్పుడు ఏ పుస్తకమును కూడదు. పాలకు మనము పుట త్రిప్పు క్షణము తెలియును. పాకమునకును అంతే. పూర్ణము కలుపునప్పుడు ఎడమచేత పుస్తకము పట్టుకొనవచ్చునని మేము యౌవనమున సాహసించితిమి గాని, ఆ పుస్తకము తాలూకు నలువది పుటలు నేటికిని విడిపోవు. కాకరకాయ వేపుడునకు పద్యములు మంచివి; సన్నని సెగపై ఒక పద్యము చదివి ఒకసారి కలుపుట, మరల నొక పద్యము, మరల నొకసారి. పెసరట్ల వేళకు దినపత్రిక చాలును. నవలకు పండుగ ఉలవచారు కాచునాడు. అది మరిగి మరిగి చిక్కబడవలసినదేగాని తొందరపెట్టిన వినదు. పూట పొడుగునను పొయ్యిదగ్గఱ కూర్చున్నను అడుగువారు లేరు.

నిత్యోపయోగము మాత్రము పప్పునకే. కుంపటిమీద గిన్నెలో ఉడికించు రోజులలో కందిపప్పు గంటసేపు పట్టెడిది. పాతపప్పైనచో ఇంకను మొండికెత్తును. తెలియనివారు చింతపండు ముందే వేసి, ఉడుకలేదని వాపోవుదురు. పులుపు పప్పు గింజలోని కణముల గోడలను మెత్తబడనీయదు. పప్పు మెదిగిన పిమ్మటనే పులుసు పోయవలెను. నేటి కుక్కరులో ఆవిరి బిగిసి వేడి 120 డిగ్రీల వఱకు పోవుటచేత పని నిమిషములలో తీరుచున్నది. సౌకర్యమే గాని, మూడు విజిళ్లలో ఏ కథయు పూర్తికాదు.

చదువు వంటను చెఱచునని పూర్వులనుట మేమొప్పుకొనము. ఒక్క యుదాహరణము చూడుడు. పదునాఱవ శతాబ్దమున విజయనగరము నేలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరునందలి విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున నేమి పెట్టెనో వర్ణించినాడు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకురసము, లేతకొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్లు, నేయి, పాలు. వానలలో పొట్టుదీసిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. వానకాలమున వరుగులెందులకు? తాజా కూరలు దొరకవు గనుక. ఇది వంట తెలిసినవాని చూపు. కాని మమ్ము నిలిపివేసినది మఱియొక మాట. ముసురు పట్టిన దినములలో ఆ గృహస్థుని భార్య, పొగ తన కండ్లలో చొరకుండుటకై, కొబ్బరిచిప్పలు మంటబెట్టి వండినదని కవి చెప్పినాడు. తడికట్టెలు పొగయును, కొబ్బరిచిప్ప భగ్గున మండును. సింహాసనముపై కూర్చున్నవాడు, యుద్ధములు గెలిచినవాడు, అతిథుల విస్తరివద్ద ఆగిపోక, గోడకవతల నున్న ఆమె కండ్లవఱకు పోయినాడు. ఇంతకాలము వంటల కార్యక్రమములు చూచితిమిగదా, వండువారి కండ్లను గూర్చి విచారించిన దాని నొక్కదానిని చూపుడు.

వంట కాగితముమీదనుండి చేతికి వచ్చుట కొత్తయు కాదు. ఢిల్లీలో పెరిగిన మధుర్ జాఫ్రీగారు 1950ల నాట నటనావిద్యకై లండను పోయినప్పుడు ఆమెకు వంటయే రాదు. అచ్చటి చప్పిడి కూడు తినలేక తల్లికి వ్రాయగా, తల్లి ఉత్తరములలో వంటలు వ్రాసి పంపెడిది. ఆ ఉత్తరములే బడి. 1973లో ఆమె మొదటి వంటల గ్రంథము వచ్చినది. 1982లో బీబీసీవారు ఆమెచేత భారతీయుల వంటలను టెలివిజనులో చెప్పించిరి. ఇంగ్లండు గృహిణులు తెరపై చూచిన చేయి, ఒక తల్లి దస్తూరీ చదివికొని కుదిరిన చేయి.

మన తెలుగులో వంటకును చదువునకును వైరము లేదని చూపినవారు మాలతీ చందూర్‌గారు. ఆమె వంటలు-పిండివంటలు పుస్తకము పెండ్లికూతుళ్ల పెట్టెలలో పసుపుకుంకుమల ప్రక్కన కాపురములకు పోయినది. ఆ చేతితోనే ఆమె ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనము శీర్షికను ఏండ్లతరబడి నడపినది. ఆ చేతితోనే స్వాతిలో పాత కెరటాలు అను శీర్షికక్రింద ఇంగ్లీషు నవలలను ఒక్కొక్కటిగా తెలుగు పాఠకురాండ్రకు పరిచయము చేసినది. హృదయనేత్రి అను నవలకు 1992లో సాహిత్య అకాడమీవారి బహుమానము వచ్చినది. 2013లో గతించినది. కొబ్బరిబూరెల కొలత చెప్పినవారే మనకు ఇంగ్లీషు నవలలును చెప్పిరి, ఎవరును వింతపడలేదు.

ఇప్పుడా అటకమీది పుస్తకము సంగతి.

మా అమ్మగారు 1996లో పోయిరి. పొడుగాటి లెక్కల పుస్తకములో వంటలు వ్రాసికొనిరి. కొలతలన్నియు ఆ కాలపువే: సోలెడు, గిద్దెడు, నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లము, కుంపటినిండ బొగ్గులు. ఆ వంటలు చాలవఱకు మాకు కంఠస్థములగుటచేత ఇన్నేండ్లు పుస్తకము తెఱవవలసిన యవసరము కలుగలేదు. ఆనాడు అరిసెల పుట వెదకుచు మా కోడలు పుస్తకమును తలక్రిందుగా పట్టుకొని వెనుకనుండి తెఱచినది. తెఱచి, "ఇవి వంటలు కావండీ" అనినది.

కావు. పుస్తకముల పేర్లు. వెనుక అట్టనుండి మొదలుపెట్టి ముందునకు, వంటలకెదురుగా నడచివచ్చిన పట్టిక. ఒక్కొక్క పేరునకెదురుగా చదివిన సంవత్సరము, చివర చిన్న సున్న. మాలపల్లి, గణపతి, నారాయణరావు, శరత్తు నవలలు, తరువాతి కాలమున యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ. కోడలు వ్రేలు పెట్టి లెక్కించగా నూట యెనుబదినాలుగు వచ్చినవి. పసుపు వ్రేళ్ల గుర్తులు వంటల పుటలలో నెన్ని యున్నవో ఈ పుటలలోను అన్ని యున్నవి.

మా అమ్మగారు చదువుచుండగా మేమెన్నడును చూడలేదు. ఆమె పుట్టినయూరు కృష్ణకాలువ గట్టున, కొల్లూరు దరిని. 1935లో ఆ కాలువపై పెదపాలెము, కొల్లూరుల నడుమ పుస్తకముల పడవ నడచినది. గ్రంథాలయోద్యమమువారు ఊరూర పడవ నిలిపి పుస్తకములిచ్చి పుచ్చుకొనెడివారు. అప్పటికి ఆమెకు పదియేండ్లు. ఆ పడవ ముచ్చటను మాకు నిద్రపుచ్చు కథగా నెన్నోసారులు చెప్పినది. పడవ రంగేమి, పడవవాడెట్లు కేకవేసెడివాడు అని యడిగితిమేగాని, "అమ్మా, నీవే పుస్తకము తీసికొంటివి?" అని మేమెన్నడు నడుగలేదు. మా నాయనమ్మగారింట నవల యను మాట చెవినబడరాదు. ఆడుదాని చేత పుస్తకమున్న అన్నము మాడునని ఆమె సిద్ధాంతము. మధ్యాహ్నము మేము వంటయింటి గడప త్రొక్కబోయినచో లోపలినుండి మా అమ్మగారు "ఇటు రాకండర్రా, పప్పు చూచుకొనుచున్నాను" అనెడిది. పప్పునకు ఇంత చూపేమిటని మాకు తోచనైన లేదు. పట్టణపు గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చిపెట్టెడివాడు మా చిన్నమామయ్య యని ఇప్పుడు ఊహించుచున్నాము. అతడు వచ్చినప్పుడెల్ల సంచిలో అరటికాయలు పైన నుండెడివి.

పట్టికలో నొక్క పేరునకు మాత్రము ఒక సంవత్సరము కాదు, నాలుగున్నవి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1951, మొదలు. 1954, మరల మొదలు. 1958, మరల మొదలు. నాలుగవది 1969, దానికెదురుగ సున్న.

మేము పుట్టినది 1951. తమ్ముడు 1954. చెల్లెలు 1958. తెచ్చిన పుస్తకము గడువులోపల తిరిగి యియ్యవలెను. బాలింత చేతిలో అంత పెద్ద నవల నిలుచుటెట్లు? 1969లో మాకు వివాహమైనది. ఆ వేసవిలో మేము అత్తవారింట మొదటిసారి పప్పు మాడ్చి ఏడ్చుచు ఉత్తరము వ్రాసితిమి. ఆమె ఓదార్పుమాటలు వ్రాసినది, చింతపండు ఎప్పుడు వేయవలెనో వ్రాసినది. ఆ యేడే పదునెనిమిదేండ్లనాటి నవల ముగించితినని మాత్రము వ్రాయలేదు.

మేము చాలసేపు మాటలాడలేదు. చలిమిడి ఆఱిపోవునేమోనని కోడలే లేచి దానిపై తడిగుడ్డ కప్పినది.

నాలుగుదినములు గడచిన పిమ్మట ఆమె, "అత్తయ్యగారూ, ఆ పట్టికలోని మాలపల్లి మనయింట నున్నదా?" అని యడిగినది. లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు దానిని చెఱసాలలో వ్రాసిరనియు, దొరతనమువారు నిషేధించిరనియు చెప్పగా ఆమెకు ఆసక్తి హెచ్చినది. మా అబ్బాయి తెప్పించియిచ్చినాడు. ఇప్పుడు సాయంకాలము కార్యాలయమునుండి వచ్చి కుక్కరు పొయ్యిమీద పెట్టి, వంటయింటి ముక్కాలిపీటపై కూర్చుండి చదువుచున్నది. మనుమడు తలుపువద్దకు పోయినచో మేము పిలిచి గవ్వలాట పెట్టుచున్నాము.

మొన్న గురువారము విజిళ్లు లెక్క తప్పినవి. కుక్కరులో నీళ్లింకి పప్పు అడుగంటినది. భోజనమువేళ మా అబ్బాయి ఒక ముద్ద నోటబెట్టుకొని, "పప్పేమిటమ్మా, మాడువాసన వేయుచున్నది?" అనెను. కోడలు తల వంచుకొనినది.

"కందిపప్పు పాతదిరా, ఈసారి కొట్టు మార్చవలెను" అని చెప్పితిమి.